డ్రోన్ మోయాల్సింది వైర్ కాదురా, దారం

ఒరే చిన్నోడా,

నీ మెసేజ్ చూశాను. హామ్ రేడియో లైసెన్స్ వచ్చింది, రేడియోలో పిలుచుకునే పేరు, అదే వీయూ3 కాల్‌సైన్, ఇచ్చారు అని నువ్వు పెట్టగానే మీ పెద్దమ్మకి చదివి వినిపించా, ఆవిడ "అయితే ఇంట్లో ఇంకో పిచ్చోడు తయారయ్యాడన్నమాట" అని కాఫీ పెట్టడానికి లేచింది. సరే అది వదిలెయ్. ఫ్రెండ్ దగ్గర డ్రోన్ ఉంది కదా పెదనాన్నా, దానికి డైపోల్ వైర్, అంటే మధ్య నుంచి రెండు పక్కలా చాచే యాంటెన్నా తీగ, కట్టేసి చింతచెట్టు మీదుగా ఎగరేసేస్తే పోలా అన్నావు. అలా చెయ్యకు. డ్రోన్‌కి కట్టాల్సింది గాలం దారం, వైర్ కాదు. డ్రోన్ పని మొత్తం ఐదు నిమిషాలు, మిగతా రెండు గంటలూ దారంతోనే.

మేము మొదలుపెట్టిన రోజుల్లో రాయికి తాడు కట్టి విసిరేవాళ్ళం, చేలో పిట్టల్ని తోలే వడిసెల కూడా తిప్పి చూశాం, ఆ తర్వాత క్యాట్‌బాల్‌తో సీసపు గుండు కొట్టేవాళ్ళం. నలభై అడుగులు దాటితే గురి కుదిరేది కాదు. ఒకసారి నా గుండు చెట్టు దాటి పక్కింటి వాళ్ళ మూడు పెంకులు పగలగొట్టింది, పెంకుల డబ్బులు ఇచ్చాక కూడా ఆయన ఏడాది పాటు నన్ను చూసి మొహం తిప్పుకునేవాడు. కాబట్టి డ్రోన్ మంచిదే, నేను కాదనట్లేదు.

ముందు ఎత్తు సంగతి. డెబ్భై అడుగులకి ఎక్కించాలి అంటున్నావు, ఎందుకు? 40 మీటర్ల బ్యాండ్‌లో, అంటే ఏడు మెగాహెర్ట్‌జ్ దగ్గర, ముప్పై మూడు అడుగులంటే పావు వేవ్, తరంగం పొడుగులో నాలుగో వంతు, అక్కడ పెడితే సిగ్నల్ ఎక్కువగా నిట్టనిలువుగా పైకి పోయి కిందకి దిగుతుంది, పగటిపూట హైదరాబాదు, విశాఖ, బెంగళూరు వాళ్ళతో మాట్లాడుకోవడానికి అదే హాయి. విదేశాలు పట్టాలంటే అరవై ఆరు అడుగులు, అంటే అర వేవ్, అప్పుడు సిగ్నల్ కిందగా దూరం పోతుంది. నీకు ముందు కావాల్సింది మనవాళ్ళతో మాట కలవడం కాబట్టి నలభై అడుగుల కొమ్మ చాలు, దాని కోసం చెట్టు చిటారు కొమ్మ ఎక్కాల్సిన పనేం లేదు.

చెట్టు కూడా చూసుకో. వేప, చింత బాగుంటాయి, కొమ్మ గట్టిగా ఉంటుంది, పంగలో దారం కూర్చుంటుంది. తాటిచెట్టు జోలికి పోకు, తాటి మట్ట అంచులు రంపం లాగే ఉంటాయి, నైలాన్ దారం వాటి మీద రెండుసార్లు రాసుకుంటే చాలు, తెగి కింద పడుతుంది, నాకు అనుభవమే. కొబ్బరిచెట్టు గాలికి ఊగే ఊపు నీకు తెలిసిందే, దానికి కట్టిన వైర్ మొదటి గాలివానకే తెగుతుంది.

ఇప్పుడు అసలు పని, జాగ్రత్తగా చదువు. 0.40 ఎంఎం గాలం దారం రీలు ఒకటి, యాభై గ్రాముల సీసపు గుండు ఒకటి తీసుకో, గుండుకి ఎర్ర గుడ్డపీలిక కట్టు, లేకపోతే ఆకుల్లో కనపడదు. దారం చివర గుండు కట్టి, ఆ గుండుకీ డ్రోన్‌కీ మధ్యలో పదిహేను అడుగుల పువ్వులు కట్టే దారం వెయ్, అవును మీ అమ్మ మల్లెపూలు కట్టుకునే కాటన్ దారమే. ఎందుకంటే ఎక్కడైనా చిక్కుకుంటే తెగాల్సింది అది, పడాల్సింది డ్రోన్ కాదు. ముందు ఇంట్లోనే చూసుకో, అర కిలో ఉప్పు ప్యాకెట్ వేలాడదీస్తే ఆగాలి, చేత్తో గుంజితే పుటుక్కున తెగాలి. మరీ గట్టిగా ఉంటే వేరే దారం చూడు.

ఈ పువ్వుల దారం జ్ఞానం నాకు ఊరికే రాలేదు. నేను మొదటిసారి గాలం దారాన్నే నేరుగా డ్రోన్ కాలికి ముడేశా, రీలు నేల మీద పడేసి వదిలేశా, అది గడ్డిపరకకి చుట్టుకుని టక్కుమని ఆగింది, డ్రోన్ ఒక్కసారి వెనక్కి గుంజుకున్నట్టు ఒరిగి సర్రున నారుమడిలో పడింది. పైగా అది అడిగి తెచ్చుకున్న డ్రోన్. మోటార్‌లోంచి బురద టూత్‌బ్రష్‌తో తీస్తూ కూర్చున్నా రెండు రోజులు, ఒక మోటార్ ఎలాగూ బాగుపడలేదు, కొత్తది కొనిచ్చా. అప్పటి నుంచి దారం రీలు మీద నుంచి పోనివ్వను, ముందే శుభ్రమైన బకెట్‌లోకి వదులుగా వదిలి పెట్టుకుంటా, సరసరా పైకి పోతుంది.

పొద్దున ఆరున్నర, ఎనిమిది మధ్య చెయ్యండి, తర్వాత గాలి లేస్తుంది. ముగ్గురు కావాలి, డ్రోన్ తిప్పేవాడు ఒకడు, బకెట్ దగ్గర ఒకడు, చెట్టుకి అవతల హెల్మెట్ పెట్టుకుని ఒకడు. డ్రోన్ నిట్టనిలువుగా లేపి చెట్టు కంటే ముప్పై అడుగులు పైకి తీసుకుపో, మెల్లగా దాటించు, అవతల ఖాళీ జాగాలో గుండు మనిషి చేతికి అందేదాకా దించి డ్రోన్‌ని అక్కడే నిలబెట్టు. అవతలవాడు గుండు పట్టుకుని ఒక్క గుంజు గుంజితే పువ్వుల దారం తెగిపోతుంది, డ్రోన్ ఫ్రీ, ఎటైనా వెళ్ళి దిగొచ్చు. దారం వదిలేసే రిలీజ్ హుక్కులూ సర్వో మోటార్లూ ఏమీ అక్కర్లేదు. గుండు చేతికి అందాక, దారం తెగేలోపు డ్రోన్‌ని మాత్రం ఇంకా కిందకి దించొద్దు, వదులైన దారం రెక్కల గాలికి పైకి లేచి వాటికే చుట్టుకుంటుంది. ఇంకోటి, సిగ్నల్ పోతే ఇంటికి తిరిగొచ్చేయడం అని ఒక సెట్టింగ్ ఉంటుంది కదా, అది మార్చి ఉన్నచోటే ఆగేలా పెట్టమను, లేకపోతే దారంతో సహా కొమ్మల్లోంచి ఈడ్చుకొస్తుంది. కింద ఉండే సెన్సార్ వేలాడే గుండుని చూసి నేల వచ్చేసింది అనుకుని తికమక పడొచ్చు, దాన్ని ఆపేసే వీలుంటే ఆపెయ్.

గాలం దారం చెట్టు మీద పడ్డాక దానికి తాపీమేస్త్రీలు వాడే నైలాన్ దారం, దానికి నాలుగు ఎంఎం తాడు, ఇలా ఒకదాని వెనక ఒకటి లాగాలి. ముడి దగ్గర ఇన్సులేషన్ టేపు సన్నగా చుట్టు, బొడిపె ఉంటే పంగలో ఇరుక్కుని చస్తుంది. తాడు చివర చిన్న గిలక కట్టి, గిలకలోంచి రెండో తాడు వేసి, అప్పుడు గిలకని పైకి లాగు. ఇక జన్మలో మళ్ళీ డ్రోన్ అక్కర్లేదు, జెండా ఎగరేసినట్టు యాంటెన్నాని ఎక్కించి దించుకోవచ్చు. గిలకలోంచి వేసిన తాడుకి ఒక చివర యాంటెన్నా ఉంటుంది, ఇంకో చివర చెట్టుకి కట్టెయ్యకు, ఐదు లీటర్ల క్యాన్‌లో ఇసక పోసి వేలాడదియ్, చెట్టు ఊగితే అది పైకీ కిందకీ పోతుంది, వైర్ తెగదు. గాలం దారం చెట్టు మీద ముక్క కూడా వదలకు, పిట్టల కాళ్ళకి చుట్టుకుంటుంది, పతంగుల నైలాన్ మాంజాని 2017లో గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధించింది ఇలాంటి వాటి వల్లే.

వైర్ పొడుగు 468ని మెగాహెర్ట్‌జ్‌తో భాగిస్తే అడుగుల్లో వస్తుంది, 7.1కి అరవై ఆరు, అంటే ఒక్కో పక్క ముప్పై మూడు. ముప్పై నాలుగు కొయ్, ఎస్‌డబ్ల్యూఆర్, అంటే పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తుందో చెప్పే లెక్క, చూసుకుంటూ తగ్గించుకో, ఇంటి వైరింగ్‌కి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైర్ చాలు. ఒకటే చెట్టు కాబట్టి మధ్యభాగం పైకి, వైర్ రెండు పక్కలూ వాలుగా దించు, మధ్య కోణం తొంభై కంటే తగ్గనివ్వకు.

కరెంటు లైన్ సంగతి ఇప్పుడు చెప్తున్నా గానీ నువ్వు ముందు చూడాల్సింది ఇదే. మీ పొలం గట్టు మీదుగా పదకొండు కేవీ లైన్ పోతుంది కదా, ఆ తీగలకి తొడుగు ఉండదు. నీ తాడూ వైరూ మొత్తం పొడుగు ఎంతో దానికి రెట్టింపు దూరంలో ఉంటే తప్ప ఆ చెట్టు వద్దు, ఇంకో చెట్టు వెతుక్కో. తడిసిన దారం కూడా కరెంటు పట్టుకొస్తుంది. దీంట్లో నాతో వాదించకు.

డ్రోన్ రూల్స్ 2021లో వచ్చాయి. రెండు కిలోల లోపుది వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ డ్రోన్‌కి ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేసిన నంబర్ ఉందో లేదో మీవాణ్ణి అడుగు, డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ ఊరు గ్రీన్ జోన్‌లో ఉందో చూడు. అక్కడ నాలుగొందల అడుగుల దాకా పర్మిషన్ అడగక్కర్లేదు, విమానాశ్రయానికి ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య అయితే రెండొందలే. నీకు వంద చాలు. ముందురోజే సర్పంచ్‌కీ పక్క పొలాలవాళ్ళకీ చెప్పు, లేకపోతే భూముల సర్వే అనుకుని పదిమంది పాస్‌బుక్కులు పట్టుకుని వచ్చి గట్టు పంచాయితీ నీ దగ్గర పెడతారు, మా ఊళ్ళో అదే అయింది.

ఇక డ్రోన్‌నే గాల్లో నిలబెట్టి వైర్ నిలువుగా వేలాడదీసి మాట్లాడటం. 160 మీటర్లకి పావు వేవ్ అంటే నూట ఇరవై ఏడు అడుగులు, అంత చెట్టు మన ఊళ్ళల్లో దొరకదు కాబట్టి సరదాగానే ఉంటుంది. 1901 డిసెంబర్‌లో మార్కోనీ కూడా న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టే అట్లాంటిక్ అవతలి సిగ్నల్ విన్నానన్నాడు. నేను ఒకసారి చేసి చూశా, ఇరవై నిమిషాల బ్యాటరీ, అందులో సగం డ్రోన్ మోటార్ల గోలే రిసీవర్‌లో జుయ్యిమని. పైగా నువ్వు ట్రాన్స్‌మిట్ నొక్కితే ఆ పవర్ డ్రోన్ జీపీఎస్‌నీ కంట్రోల్‌నీ కలవరపెట్టొచ్చు. వైర్‌కీ డ్రోన్‌కీ మధ్య పదిహేను అడుగుల నైలాన్ పెట్టి ఐదు వాట్లతో మొదలెట్టాలి, కింద ఒక్క మనిషి ఉండకూడదు. ఏడాది పోయాక చూద్దాం, ఇప్పుడు వద్దు.

మబ్బు పట్టి ఉరుములు వినపడితే రేడియో నుంచి యాంటెన్నాకి పోయే కోయాక్స్ కేబుల్ పీకేసి బయట పడెయ్, పని సగంలో ఉన్నా సరే.

రీలు నాది తీసుకెళ్ళు, కొత్తది కొనకు, అటక మీద పసుపు డబ్బాలో ఉంది. తిరిగి ఇచ్చేటప్పుడు చిక్కులు తీసి ఇవ్వు, పోయినసారి మీ నాన్న ఇచ్చినప్పుడు పిచ్చుక గూడులా ఉంది. ఎక్కించాక ఆదివారం పొద్దున ఏడున్నరకి 7.100 మెగాహెర్ట్‌జ్ చుట్టుపక్కల పిలువు, వింటూ ఉంటా.

73 (మన హామ్‌ల భాషలో శుభాకాంక్షలు),
మీ పెదనాన్న