టెక్సస్‌లో సైనికుల పిల్లలకు ఉచిత ప్రీ-కే: జీతం అడ్డు కాదు

మీవారి జీతం ఎక్కువని పాపకు ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసు) సీటు రాదన్నారని రాశారు కదా అక్కా, టెన్షన్ పడకండి. టెక్సస్‌లో, అమెరికా సైన్యంలో యాక్టివ్ డ్యూటీలో (పూర్తికాలం సర్వీసులో) ఉన్నవాళ్ల పిల్లలకు ఆదాయం లెక్కలోకి రాదు. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండాలి, అంతే. మూడేళ్ల పిల్లలకైతే అన్ని స్కూల్ డిస్ట్రిక్టుల్లో ప్రీ-కే ఉండదు.

దరఖాస్తును మిలిటరీ కుటుంబం కిందే చూడమని గట్టిగా అడగండి. బర్త్ సర్టిఫికెట్, టీకాల కార్డు, అడ్రస్ ప్రూఫ్ ఎలాగూ కావాలి. మీవారి మిలిటరీ ఐడీ చూపిస్తే చాలు, జిరాక్స్ మాత్రం తీయనివ్వొద్దు. ఆయన ఊళ్లో లేకపోతే సర్వీసులో ఉన్నట్టు లెటర్ తెప్పించుకోండి.

ఇంకో మాట, క్లాసులు మొదలయ్యాక ఆయన ఆర్మీ నుంచి బయటికి వచ్చినా పాప అర్హత పోదు.