ఫారం మీది, ఓటీపీ మాత్రం నెట్ సెంటర్ వాడిది

గాజువాక నుంచి ఒకావిడ రాశారు. వయసు 33, ఇంటర్ బైపీసీ పాసై పదిహేనేళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఇన్నాళ్లూ ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసి, ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదవాలని గట్టిగా అనుకున్నారు. దరఖాస్తు ఇంటి దగ్గరి నెట్ సెంటర్‌లో పెట్టించారు. "సార్, ఫారంలో వాళ్ల నంబరే వేసేశారు. ఓటీపీలు, మెసేజ్‌లు అన్నీ అతనికే పోతున్నాయి. అడిగితే నేను చూసుకుంటాలే అక్కా అన్నాడు, ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. ఏం చెయ్యాలి?"

ఇదే గోడు పెందుర్తి నుంచి, మధురవాడ నుంచి, అనకాపల్లి నుంచి కూడా వచ్చింది. ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను.

ముందు మీరు చెయ్యాల్సింది చెప్తాను. దరఖాస్తు ఇంకా సబ్మిట్ కాకపోతే వెళ్లి అతని పక్కనే కూర్చుని నంబర్, ఈమెయిల్ రెండూ మార్పించుకోండి. సబ్మిట్ అయిపోతే నోటిఫికేషన్‌లో ఇచ్చిన హెల్ప్‌డెస్క్‌కి మీ సొంత మెయిల్ నుంచి రాయండి, దరఖాస్తు నంబర్ వేసి, పదో తరగతి మెమో జతచేసి, ఫలానా నంబర్ తీసేసి నా నంబర్ పెట్టండి అని రెండు వాక్యాల్లో. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఉంటేనే రేపు మీరు అడగగలరు. మార్పు జరిగిన వెంటనే పాస్‌వర్డ్ కూడా మార్చండి, ఈసారి మీ ఫోన్‌లోంచే.

నెట్ సెంటర్ కుర్రాడు దొంగ అని నేననను. వెనక ఇరవై మంది నిలబడి ఉంటారు, మీ ఫోన్ బ్యాగు అడుగున ఎక్కడో ఉంటుంది, ఓటీపీ చెప్పేసరికి టైమ్ అయిపోతుంది, మళ్లీ మొదటికొస్తుంది. తన నంబర్ కొట్టేస్తే రెండు నిమిషాల్లో పని తేలిపోతుంది కదా అనుకుంటాడు. కానీ ఆ రెండు నిమిషాల కోసం మీ నాలుగేళ్ల చదువుని వాడి ఫోన్‌లో పెట్టి వస్తున్నారు.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ సీట్లయినా ఇంకే కౌన్సెలింగ్ అయినా అసలు కీలకం వెబ్ ఆప్షన్లు. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అని మీరిచ్చే వరస. మీ లాగిన్ చేతిలో ఉన్నవాడు ఆ వరస మార్చగలడు. ఫీజు లేకుండా దరఖాస్తు మేమే పెట్టిస్తాం, సర్టిఫికెట్లు వాట్సాప్‌లో పంపండి చాలు అంటూ తిరిగే ఏజెంట్లు ఉన్నారే, వాళ్లకి మీ మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో ఒక్కసారి ఆలోచించండి. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ కోసం ఆప్షన్లు పెట్టుకున్నావిడకి పక్క జిల్లాలో సీటొస్తే, ఇద్దరు పిల్లల తల్లి ఏ హాస్టల్‌కి వెళ్తుంది? పద్దెనిమిదేళ్ల పిల్లకైతే ఒక ఏడాది పోయినా ఇంకో ఏడాది ఉంటుంది. బీఎస్సీ కుదరకపోతే మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ డిప్లొమా చేద్దాం అనుకున్నా, దానికి నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన గరిష్ఠ వయసు 35. మీకు 33. ఎవడో ఓటీపీ చెప్పలేదని పోగొట్టుకోవడానికి మీ దగ్గర ఏళ్లు మిగల్లేదు.

ఇంతకంటే నన్ను భయపెట్టే విషయం ఇంకోటుంది. పోయినేడు మా వదిన ఫారం ప్రింట్ కోసం మద్దిలపాలెంలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్లాను. కుర్రాడు టీకి వెళ్తూ "మీరే తీసుకోండి సార్, డౌన్‌లోడ్స్‌లో ఉంటుంది" అన్నాడు. ఫోల్డర్ తెరిస్తే కిందికి జరుపుతున్నకొద్దీ ఆధార్ పీడీఎఫ్‌లే. నెలల తరబడి వచ్చినవాళ్లందరివీ ఉన్నాయి. పక్కనే ఫోటో, కత్తిరించిన సంతకం, పదో తరగతి మెమో, కొందరివి బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు కూడా. వాట్సాప్ వెబ్ తెరిచే ఉంది, ఎవరిదో తెలియదు, అందులో ఒక అమ్మ "అన్నం తిన్నావా" అని పంపిన మెసేజ్ పైనే కనిపిస్తోంది.

ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు క్యాపిటల్స్‌లో, తర్వాత పుట్టిన సంవత్సరం. ఆ రెండూ పక్కనే ఉన్న పదో తరగతి మెమోలో అచ్చయి ఉన్నాయి. గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి అదే గుమ్మానికి మేకు కొట్టి వేలాడదీసినట్టు. ఈ పద్ధతి ఎవరు ఆలోచించారో గానీ, ఇన్నేళ్లయినా మార్చాలని ఎవరికీ తోచలేదు. ఫోటో, సంతకం, ఆధార్, చిరునామా నాలుగూ ఒకేచోట దొరికితే మీ పేరుమీద సిమ్ తీసుకోవడానికో, ఏదో యాప్‌లో అప్పు తీసుకోవడానికో ఇంకేం కావాలి?

కాబట్టి నెట్ సెంటర్‌కి వెళ్లక తప్పకపోతే నా మాట వినండి. వాట్సాప్ వెబ్ తెరవొద్దు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఇప్పటికే తెరిచి ఉంటే ఇంటికొచ్చాక ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ చూడండి, మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా కనిపిస్తే లాగవుట్ కొట్టండి. పని అయ్యాక డౌన్‌లోడ్స్‌లో మీవి తీసేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యండి, మొహమాటపడొద్దు, అవి మీ కాగితాలు. పూర్తి ఆధార్ అడగని చోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి. ఆధార్ అధికారిక యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసుకోండి, అప్పుడు మీ వేలిముద్ర ఇంకెవరూ వాడలేరు. రేషన్ డిపోలో వేలిముద్ర వేసే ముందు మాత్రం అన్‌లాక్ చేసుకోవడం మర్చిపోకండి, లేకపోతే డీలర్ ముందు నిలబడి నన్ను తిట్టుకుంటారు. టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూపిస్తుంది, ఒకసారి చూడండి. ఈపాటికే డబ్బు పోయి ఉంటే మాత్రం నాకు రాస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఫైల్ సైజు తగ్గించడానికి గూగుల్‌లో మొదట కనిపించిన ఉచిత వెబ్‌సైట్‌లో ఆధార్, మెమోలు ఎక్కించేవాళ్లకి ఇంకో దండం. ఆ వెబ్‌సైట్ ఎవరిదో, ఫైల్ ఎన్నాళ్లు దాచుకుంటుందో మీరు చదివారా? నేనూ చదవలేదు, అందుకే ఎక్కించను. గూగుల్ డ్రైవ్ యాప్‌లో స్కాన్ ఉంది, దాంతో తీస్తే పీడీఎఫ్ చాలావరకు చిన్నగానే వస్తుంది.

పెందుర్తి చెల్లెమ్మది వేరే చిక్కు. పదో తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. సర్టిఫికెట్లు దాచే ప్రభుత్వ యాప్ డిజిలాకర్ మెమో ఇవ్వనంటోంది, పేరు కలవట్లేదట. పైగా ఆధార్‌కి ఉన్న నంబర్ పెళ్లికి ముందు అన్నయ్య తీసిచ్చిన సిమ్, అది వాడక నాలుగేళ్లయింది.

ముందు సిమ్ సంగతి. వాడకుండా 90 రోజులు వదిలేసిన నంబర్‌ని కంపెనీ రద్దు చేసి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అంటే మీ ఆధార్ ఓటీపీ ఈపాటికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి పోతుండొచ్చు. ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి నంబర్ మార్పించుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తొద్దు, ఈ వారమే వెళ్లండి.

ఇక పేరు. దరఖాస్తులో ఎప్పుడైనా పదో తరగతి మెమోలో ఉన్న పేరే, చుక్కతో సహా. రేపు నర్సుగా రిజిస్టర్ అయ్యేటప్పుడు కూడా ఆ పేరే నడుస్తుంది. అందుకే ఆధార్‌నే మెమో వైపు మార్చుకోవడం మేలని నా అభిప్రాయం. ఇంట్లో ఏమంటారో అది మీరు చూసుకోండి, ఆ విషయంలో నేను తలదూర్చను. కానీ ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు. పెళ్లయ్యాక ఒకసారి మార్చారంటే ఇక మిగిలింది ఒక్కసారే. ఏ పత్రాలు ఒప్పుకుంటారో ఆధార్ వెబ్‌సైట్‌లో జాబితా చూసుకుని, స్పెల్లింగ్ కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆపరేటర్ తన స్క్రీన్ మీ వైపు తిప్పి చూపించేదాకా సరే అనకండి.

ఆ చెల్లెమ్మ రాసిన చివరి వాక్యం దగ్గర మాత్రం నాకు కోపం ఆగలేదు. "తండ్రి మొబైల్ నంబర్ ఇవ్వకపోతే ఫారం ముందుకు పోవట్లేదు సార్, మా నాన్నగారు పోయి ఆరేళ్లయింది, ఏ నంబర్ వెయ్యాలి?"

ఈ ఫారాలు తయారుచేసేవాళ్ల మనసులో విద్యార్థి అంటే పదిహేడేళ్ల పిల్ల. పక్కన నాన్న నిలబడి ఉంటాడు, నిన్నగాక మొన్న ఇంటర్ పాసై ఉంటుంది, ఊరు మారదు, ఇంటిపేరు మారదు. నేను చూసిన ఒక ఫారంలో పాసైన సంవత్సరం జాబితా పదేళ్ల వెనక్కి వెళ్లి ఆగిపోయింది. అంతకంటే ముందు పాసైనవాళ్లు అసలు పుట్టలేదన్నట్టు. ఇంకోదాంట్లో ఇప్పుడేం చదువుతున్నారు అన్న గడి తప్పనిసరి. పదేళ్లుగా వార్డులో ఆయాగా చేసి, రాత్రుళ్లు ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తిచేసిన మనిషి ఆ గడిలో ఏం రాయాలి? చుట్టూ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రి నుంచి చిన్న నర్సింగ్ హోమ్ దాకా ఇన్ని ఆసుపత్రులున్న ఊరు మన విశాఖ, అందులో పనిచేస్తూ ఎప్పటికైనా నర్సు కావాలనుకునే ఆడవాళ్లు ఎంతమంది ఉంటారో ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక్క గడి పక్కన వర్తించదు అన్న ఆప్షన్ పెట్టడానికి ఎంత పని? సగం రోజు కూడా పట్టదు. నేను పదేళ్లు ఆ పనే చేశాను, నాకు తెలుసు.

చెల్లెమ్మా, ఆ గడిలో మీ నంబరే వెయ్యండి, ఒకే నంబర్ రెండుచోట్ల ఒప్పుకోకపోతే మీవారిదో మీ అమ్మగారిదో ఇవ్వండి. ఊహించి పది అంకెలు మాత్రం కొట్టకండి, అది ఎవరిదో ఒకరిది అయి ఉంటుంది.

ఫోటో గొడవ ఈసారీ వచ్చింది. 50 కేబీ లోపు ఉండాలంటే 4 ఎంబీ ఫోటోని నలిపి నలిపి మొహం ముద్దచేసి ఎక్కిస్తున్నారు. ముందు మొహం, భుజాల వరకు క్రాప్ చెయ్యండి, తర్వాత కొలత సుమారు 400, 500 పిక్సెళ్లకి తగ్గించండి, అప్పుడు నాణ్యతని పెద్దగా కోయకుండానే 50 లోపు వస్తుంది. కొన్ని ఫోన్లు వాటి సొంత ఫార్మాట్‌లో దాచుకుంటాయి, ఫారం వాటిని తీసుకోదు, కెమెరా సెట్టింగ్స్‌లో జేపెగ్ పెట్టుకోండి. ముందు కెమెరాలో బ్యూటీ ఫిల్టర్ ఆపండి దయచేసి. ఒకావిడకి సర్టిఫికెట్ల పరిశీలనలో "ఇది మీ అమ్మాయి ఫోటోనా?" అన్నారట. ఆవిడ మురిసిపోయారు గానీ ఫోటో మాత్రం మళ్లీ ఇవ్వాల్సొచ్చింది.

చదువు కోసం చవక ట్యాబ్ కొనాలా అని అక్కయ్యపాలెం నుంచి అడిగారు. వద్దు. ఏడెనిమిది వేల ట్యాబ్‌లు కొన్న ఏడాదికే నత్తనడక నడుస్తాయి, వాటికి అప్‌డేట్లు రావు, వస్తే ఇంకా నెమ్మదిస్తాయి. ఉన్న ఫోన్ చాలు, మిగిలిన డబ్బుతో పుస్తకాలు కొనండి. అన్నట్టు, కౌన్సెలింగ్ జరిగే వారంలో ఫోన్ ఎంత బతిమాలినా పెద్ద అప్‌డేట్ నొక్కొద్దు. అర్ధరాత్రి అప్‌డేట్ పెట్టి, పొద్దున ఓటీపీ వచ్చే వేళకి ఫోన్ తెల్లస్క్రీన్ మీద తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

చివరిగా ఆరిలోవ నుంచి. "తెలుగు మీడియం. ఇంగ్లిష్ పాఠం చూస్తే అర్థమవుతుంది, పలకడం రాదు. క్లాసులో నవ్వుతారని టెన్షన్." దీనికి కొత్త యాప్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో సెలెక్ట్ టు స్పీక్ అని ఉంటుంది, ఆన్ చేస్తే స్క్రీన్ మీద మీరు తాకిన పేరాని చదివి వినిపిస్తుంది, వేగం కూడా తగ్గించుకోవచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీ పుస్తకం పీడీఎఫ్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టండి. ఏఐ చాట్‌బాట్‌ని పదాల అర్థం అడగండి, పర్వాలేదు. మందుల డోసులు మాత్రం దాన్ని అడిగి నోట్సు రాసుకోకండి, తప్పు కూడా అంతే ధీమాగా చెప్తుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బస్సులో వింటూ, పెదాలు కదుపుతూ అనండి. పక్కసీటు వాళ్లు ఏదో జపం చేసుకుంటోంది అనుకుంటారు, సింహాచలం బస్సయితే అసలు పట్టించుకోరు.