వీసా సందేహాలు: పేరు, డబ్బు, తిరస్కరణ

అమెరికా విద్యార్థి వీసా ఎఫ్-1 గురించి హైదరాబాద్ పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు.

ప్ర: మా అమ్మాయి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పేరంతా ఒకే గడిలో ఉంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం కూడా ఉంది. ఇబ్బంది అవుతుందా? – ఒక తల్లి, కూకట్‌పల్లి

వీసా ఆగదు కానీ తర్వాత చికాకు. గడి ఖాళీగా ఉంటే వీసా మీద అమ్మాయి పేరునంతా ఇంటిపేరు కింద వేసి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్ఎన్‌యూ’ అని రాస్తారు. ‘పేరు తెలియదు’ అని దానర్థం. అక్కడ డ్రైవింగ్ లైసెన్సు మీదా, బ్యాంకు ఖాతాలోనూ అదే పేరై కూర్చుంటుంది.

ఇంకా పరీక్షలకూ యూనివర్సిటీలకూ దరఖాస్తు పెట్టకపోతే ముందు పాస్‌పోర్టు రీఇష్యూకి వెళ్లండి. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. టోఫెల్, జీఆర్ఈ రాసే రోజు చూపించే గుర్తింపు పాస్‌పోర్టే కాబట్టి ఈ వరస తప్పకూడదు. యూనివర్సిటీ పంపే అడ్మిషన్ పత్రం ఐ-20 ఇప్పటికే వచ్చేసి ఉంటే, కొత్త పాస్‌పోర్టు కాపీ యూనివర్సిటీకి పంపి పేరు సరిచేసిన ఐ-20 అడగండి. అంత వ్యవధి లేకపోతే ఉన్న పాస్‌పోర్టుతోనే వెళ్లండి, వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో మాత్రం పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టే నింపండి. మెమో చూసి ఇంటిపేరు సొంతంగా చేర్చొద్దు.

ప్ర: అబ్బాయిని అమెరికా పంపాలనుకుంటున్నాం. మాకు మూడెకరాల పొలం, ఊళ్లో ఇల్లు ఉన్నాయి. బ్యాంకులో డబ్బు తక్కువ. ఒక కన్సల్టెన్సీ వాళ్లు నెల రోజులు మా ఖాతాలో 40 లక్షలు ఉంచి, వడ్డీ తీసుకుని ‘ఫండ్స్ చూపిస్తాం’ అంటున్నారు. ఒప్పుకోవచ్చా? – ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

దయచేసి ఒప్పుకోకండి. మీది కాని డబ్బును మీదని చూపించడం అమెరికా చట్టం ప్రకారం తప్పుడు సమాచారం ఇవ్వడమే. అది తేలితే ఆ ఒక్క తిరస్కరణతో పోదు. అబ్బాయికి అమెరికా ప్రవేశం శాశ్వతంగా మూసుకుపోతుంది. కన్సల్టెన్సీ వాళ్లకు పోయేదేమీ లేదు, పోయేదంతా మీ పిల్లాడికే.

పట్టుబడలేదనే అనుకుందాం. నెల తిరిగేసరికి ఆ 40 లక్షలు వెనక్కి పోతాయి. రెండో సెమిస్టర్ ఫీజు ఎక్కడి నుంచి కడతారు? చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులోనో రెస్టారెంటులోనో చేస్తే విద్యార్థి హోదానే పోతుంది. అక్కడ పిల్లలు చిక్కుల్లో పడేది ఎక్కువగా ఇక్కడే.

ముందు ఐ-20 మీది అంకె చూడండి. ఫీజు, తిండి, ఇంటద్దె, ఇన్సూరెన్సు కలిపిన మొదటి ఏడాది ఖర్చు అది. 38,000 డాలర్లు ఉందనుకోండి. డాలరు 90 రూపాయల లెక్కన 34 లక్షల 20 వేలు. 28 లక్షల విద్యా రుణం మంజూరు పత్రం, 6 లక్షల 50 వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే సరిపోతుంది. పొలం, బంగారం, సీఏ రాసిచ్చిన ఆస్తి విలువ పత్రం పక్కబలమే. ఫీజు గడువు నాటికి చేతికొచ్చే డబ్బునే డబ్బుగా లెక్కపెట్టుకోండి.

రుణం విషయంలో ఒక హెచ్చరిక. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తాకట్టుకు తీసుకోవు. గ్రామ పంచాయతీ లేఅవుట్ ప్లాట్లూ తరచుగా లీగల్ ఒపీనియన్ దగ్గరే ఆగిపోతాయి. ఊళ్లోని ఇల్లు పనికొస్తుందేమో చూడాలంటే లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఇంటి పన్ను రసీదు, కట్టడం అనుమతి ప్లాను తీసుకుని బ్యాంకుకు ఇప్పుడే వెళ్లండి. ఒక్క లింకు డాక్యుమెంటు తక్కువైతే వారాలు గడిచిపోతాయి. అడ్మిషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమే.

ప్ర: రెండు నిమిషాల ఇంటర్వ్యూలో అమెరికా వలస చట్టం సెక్షన్ 214(బి) కింద తిరస్కరించారు. ‘ఈ యూనివర్సిటీ ఎందుకు’ అన్నప్పుడు నేర్చుకున్న జవాబే చెప్పాను. మళ్లీ ఎప్పుడు వెళ్లొచ్చు? – ఒక విద్యార్థి, ఎల్బీనగర్

స్లాట్ దొరికితే వచ్చే వారమే వెళ్లొచ్చు, గడువేమీ లేదు. అప్పీలు మాత్రం ఉండదు. కొత్త డీఎస్-160 నింపి, 185 డాలర్ల వీసా రుసుము మళ్లీ కట్టాలి. విదేశీ విద్యార్థుల వివరాలు ఉంచే సెవిస్ వ్యవస్థకు కట్టే రుసుము 350 డాలర్లు మాత్రం, తిరస్కరణ జరిగిన 12 నెలల్లోపు అదే రకం వీసాకు వెళ్తే మళ్లీ కట్టనక్కర్లేదు. ‘ఇంతకుముందు తిరస్కరించారా’ అన్న చోట అవును అనే రాయండి. దాస్తే అది రెండో తప్పు.

214(బి) అంటే మీ కాగితాలు దొంగవని కాదు. అక్కడే స్థిరపడటానికి వస్తున్నారని చట్టం ముందుగానే అనుకుంటుంది, కాదని నమ్మించాల్సిన భారం మీది. ‘మంచి ఫ్యాకల్టీ, మంచి ర్యాంకు’ అని పదిమందీ చెప్పేదే చెబితే అధికారికి మీ గురించి ఏమీ తెలియదు. బీటెక్ ప్రాజెక్టులో ఏం చేశారు, దానికి ఆ కోర్సులో ఏ రెండు సబ్జెక్టులు అతుకుతాయి, ఇంకో యూనివర్సిటీ వదిలి ఇదే ఎందుకు, డబ్బు ఎవరి ఖాతాలోంచి ఎంత, చదివాక ఇక్కడ ఏ పని చూస్తారు – ఇవి మీ మాటల్లో, ఒక్కో దానికి రెండు వాక్యాల్లో రావాలి. బట్టీ వద్దు. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు, లెక్క తడబడకూడదు. ఇవేవీ మారకుండా రెండోసారి వెళ్తే 185 డాలర్లు దండగ.

ఇంటర్వ్యూలో 221(జి) స్లిప్ ఇస్తే సంగతి వేరు. కాగితమో పరిశీలనో మిగిలి ఉందని అర్థం. అడిగినవి పంపి వేచి ఉండాలి.

ప్ర: డీఎస్-160 కన్సల్టెన్సీ వాళ్లే నింపుతామన్నారు. సోషల్ మీడియా ఖాతాలు రాయకపోతే నష్టమా? – ఒక పాఠకుడు, మియాపూర్

నష్టమే. గత 5 ఏళ్లలో వాడిన ఖాతాలు, వదిలేసినవి కూడా, రాయాలి. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు ప్రొఫైళ్లను అందరికీ కనబడేలా ఉంచాలి. ఎవరు నింపినా ఫారం మీద బాధ్యత మీదే. మీ ఈమెయిల్, మీ ఫోను నంబరే ఇవ్వండి, పంపే ముందు ప్రతి పేజీ చదవండి. స్లాట్ బుక్ చేసేటప్పుడు ఇచ్చిన డీఎస్-160 నంబరూ, చేతిలోని కన్ఫర్మేషన్ పేజీ నంబరూ ఒకటేనా చూసుకోండి.

ప్ర: వేలిముద్రలకూ ఇంటర్వ్యూకూ ఒకే చోటికి వెళ్లాలా?

కాదు. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని కేంద్రంలో, ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేట్‌లో. కాన్సులేట్ లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. వెంట వచ్చినవాళ్ల దగ్గర ఉంచి, కాగితాల ఫైలు మాత్రం పట్టుకెళ్లండి.