డాక్టర్ సలహా: జీన్ టెస్టు సరే, ముందు ఆ వణుకు చూపించుకోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు, మాది గాజువాక. నిద్ర పట్టక మూడేళ్లుగా రాత్రిపూట అల్ప్రాజోలం 0.5 వేసుకుంటున్నాను. ఆర్నెల్లుగా సాయంత్రం ఇంకోటి. ఈమధ్య తామరకు ఇట్రాకోనజోల్ వాడినన్నాళ్లూ పగలు కూడా మత్తుగా ఉండేది. ఆ కోర్సు అయిపోయాక రెండు వేసుకున్నా నిద్ర లేదు. విసుగొచ్చి మూడు రోజుల క్రితం పూర్తిగా మానేశాను. చేతులు వణుకుతున్నాయి, గుండె దడ. నా జీన్లకు ఈ మందు పడదేమో, టెస్టు చేయించుకోనా?

జవాబు: మీరు అడిగింది టెస్టు గురించి. నన్ను కంగారు పెట్టింది మాత్రం ‘పూర్తిగా మానేశాను’ అన్న మాట. రోజుకు 1 మిల్లీగ్రాము ఇన్నాళ్లు వాడి ఒక్కరోజులో ఆపకూడదండీ. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు చాలు. మూడో రోజుకు దాదాపు ఏమీ మిగలదు, ఫిట్స్ భయం ఉండేది ఈ రోజుల్లోనే. ఇది చదివిన రోజే విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లండి. ఫిట్స్ వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా, లేనివి కనిపిస్తున్నా ఇంట్లోవాళ్లు 108కి ఫోన్ చేయాలి. అప్పటిదాకా బండి నడపొద్దు, ఎత్తెక్కే పని వద్దు. పాత డోసు మళ్లీ మొదలుపెట్టడమే చాలాసార్లు చేస్తాం, కానీ అది మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాలి. ఉత్తరం చదివి నేను చెప్పలేను.

మెదడును నెమ్మదింపజేసే రసాయనం గాబా. దాన్ని అందుకునే గాబా-ఏ రిసెప్టర్లకు ఈ మందు అతుక్కుంటుంది. గాబా వచ్చినప్పుడల్లా వాటిలోని క్లోరైడ్ దారి మరిన్నిసార్లు తెరుచుకుంటుంది, నరకణం నెమ్మదిస్తుంది. నెలల తరబడి వాడితే రిసెప్టర్లు మొద్దుబారతాయి. మీకు ఒకటి రెండైంది అందుకే. ఉన్నట్టుండి ఆపితే సింహాచలం ఘాట్ దిగుతూ బ్రేకు పోయినట్టే.

ఇక జీన్లు. అల్ప్రాజోలంను లివర్లో అరగదీసేది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. ఇట్రాకోనజోల్ దాన్ని గట్టిగా అడ్డుకుంటుంది. అందుకే ఈ రెండూ కలపకూడదు. అప్పట్లో పగటి మత్తుకు కారణం ఇదే అయ్యుండాలి. కోర్సు అయ్యాక ఎంజైము తేరుకుంది, రక్తంలో మందు తగ్గింది, నిద్ర పోయింది. ఇందులో జీన్ల పాత్ర వెతకక్కర్లేదు. డిప్రెషన్‌కు వాడే ఎస్సిటలోప్రామ్, రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ లాంటి మందులకు సీవైపీ2సీ19 అనే మరో ఎంజైము జీన్ టెస్టు కొందరికి పనికొస్తుంది. అల్ప్రాజోలం డోసు నిర్ణయించడానికి మేం జీన్ టెస్టు రాయం. ఆ డబ్బు దాచుకోండి.

మాన్పించేటప్పుడు సాధారణంగా 2 నుంచి 4 వారాలకోసారి 5–10 శాతం తగ్గిస్తాం. మీ డోసులో పది శాతమంటే 0.1 మిల్లీగ్రాము, మాత్ర అంత చిన్నగా విరగదు. అందుకే కొందరిని నెమ్మదిగా దిగే డయాజెపామ్‌కు మార్చి తగ్గిస్తాం. లివర్ బాగోకపోతే అదీ కుదరదు, వేరే దారి చూడాలి. మందు నెమ్మదిగా విడుదలయ్యే ఎస్ఆర్ మాత్రలైతే అసలు విరవొద్దు. నెలలు పడుతుంది, తొందరపడకండి.

ఒక్క మాట అనక తప్పదు. అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. మూడేళ్లు చీటీ ఎవరు రాశారు? తామర మాత్ర ఇచ్చినవాళ్లకు ఈ మాత్ర సంగతి చెప్పారా? రెండింటికీ మీ ఉత్తరంలో జవాబు లేదు.

వెళ్లేటప్పుడు వాడిన స్ట్రిప్‌లన్నీ పట్టుకెళ్లండి, నొప్పులకు ట్రమడాల్ వాడుతుంటే అదీ. మద్యం అలవాటుంటే దాచకండి, అదీ ఈ రిసెప్టర్ల మీదే పనిచేస్తుంది.