మ్యూజియానికి యాప్ చేయించే ముందు మీ దగ్గరున్న పాత ఫొటోలు బయటికి తీయండి

మీ మ్యూజియానికి దూరం నుంచి జనం వస్తున్నారు గానీ చుట్టుపక్కలవాళ్లు తొంగి చూడట్లేదని, వాళ్లకోసం యాప్ చేయించాలా, వర్చువల్ టూర్ పెట్టాలా అని అడిగారు. ప్రస్తుతానికి రెండూ వద్దంటాను. ఒక చిన్న మ్యూజియంలో చాలాకాలం డాక్యుమెంటేషన్ పని చూశాను, ఆ అనుభవంతోనే చెబుతున్నా. ఒక్కసారి చూసిపోయే చోటు కోసం ఎవరూ యాప్ వేసుకోరు. పైగా ఫోన్లు మారినప్పుడల్లా దాన్ని అప్‌డేట్ చేయించే ఖర్చు మీ మీదే పడుతుంది. దగ్గర్లో ఉన్నవాళ్లకు మీరు ఏం చూపిస్తారన్నదానికంటే వాళ్లను ఏం అడుగుతారన్నదే ముఖ్యం.

మీ బీరువాల్లో "వివరాలు తెలియవు" అని రాసిన ఫొటోలు తప్పకుండా ఉంటాయి. మేం వాటితోనే మొదలుపెట్టాం. పాత గ్రూప్ ఫొటోలను ముందువైపే కాక వెనకవైపు కూడా స్కాన్ చేశాం. స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన పేరు లాంటివి వెనకే దొరుకుతాయి. తర్వాత ఒక కాపీ తీసి ప్రతి ముఖం పక్కనా అంకె వేశాం. అంకెలు లేకపోతే "రెండో వరుసలో ఎడమపక్కావిడ, కాదు ఆ పక్కావిడ" అంటూ ఎటూ తేలదు. వారానికి ఒక్క ఫొటో చొప్పున వాట్సాప్ గ్రూపుల్లోకి పంపాం. ఒకేసారి గుట్టగా పోస్తే ఎవరూ చూడరు.

టైప్ చేసి జవాబిచ్చినవాళ్లు తక్కువ. పెద్దవాళ్లు వాయిస్ మెసేజ్‌లు పెట్టేవాళ్లు. బడి ఫొటో ఒకటి చూసి ఒకావిడ, "ఏడో నంబరు మా అక్క. అది వేసుకున్న గౌను నాది, ఆరోజు బతిమాలి తీసుకుంది" అన్నారు. అక్క అప్పుడు ఏ క్లాసో ఆవిడకు గుర్తుంది కాబట్టి ఫొటో ఏ ఏడాదిదో తేలిపోయింది. కొద్దిరోజులకు మనవణ్ణి వెంటబెట్టుకుని అసలు ఫొటో చూడ్డానికి వచ్చారు. ఏ ప్రకటనా ఆవిడను అలా రప్పించి ఉండేది కాదని నా నమ్మకం.

ఇలా వచ్చిన సమాచారాన్ని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి కేటలాగ్‌లో వేరే గడిలో పెట్టండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి. వాళ్లు ఒప్పుకుంటే లేబుల్ మీద వాళ్ల పేరూ వేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

పెద్ద సంస్థలూ ఇదే దారిలో నడిచాయి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008లో తన పాత ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల వెబ్‌సైట్‌లో పెట్టింది. చూసినవాళ్లు మనుషులను, చోట్లను గుర్తుపట్టి చెబితే, సిబ్బంది సరిచూసుకుని కేటలాగ్‌లో చేర్చారు. ఇంగ్లండ్‌లోని డర్బీ మ్యూజియంలో 2011లో పెట్టిన క్యూఆర్ కోడ్‌లు కూడా నాకు నచ్చాయి. స్కాన్ చేస్తే చూసేవాళ్ల ఫోన్ ఏ భాషలో ఉందో ఆ భాషలోని వికీపీడియా వ్యాసం తెరుచుకునేది, ఆ భాషలో వ్యాసం ఉంటే. మీ దగ్గర రకరకాల భాషలవాళ్లు ఉంటే ఇది ఆలోచించదగ్గదే.

అనుమతి సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆస్ట్రేలియాలోని వరుముంగు అనే ఆదివాసీ ప్రజలతో కలిసి తయారైన ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫొటో ఎవరు చూడవచ్చో ఆ సమాజమే నిర్ణయించుకుంటుంది. మీకు అంత ఏర్పాటు లేకపోయినా ప్రతి పోస్టు కింద ఒక ఫోన్ నంబరు ఇవ్వండి. ఇంట్లోవాళ్లు ఫొటో తీసేయమంటే ముందు తీసేసి, తర్వాత మాట్లాడండి. మమ్మల్నీ ఒక కుటుంబం అలాగే అడిగింది. తీసేశాక వాళ్లే ఇంకో ఫొటో తెచ్చి ఇచ్చారు.

ఇంకొకటి. మెసేజ్ పెట్టినవాళ్లకు మర్నాటికల్లా జవాబు వెళ్లాలి, లేకపోతే రెండోసారి రాయరు. ఆ పని ఎవరు చూస్తారో మీలో మీరు తేల్చుకుని, అప్పుడు మొదటి ఫొటో పంపండి.