ఫిడేలుకి పిలిచారు, గొంతు అడుగుతారు

నానీ,

కింగ్స్‌పోర్ట్ దగ్గర బ్లూగ్రాస్ గాస్పెల్ (ఫిడేలు, బాంజో, మాండలిన్లతో ఇక్కడివాళ్లు పాడే క్రైస్తవ భక్తి పాటలు) బ్యాండువాళ్లు నిన్ను ఫిడేలు వాయించమన్నారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. ఈ తూర్పు టెనెసీ కొండల్లో అలాంటి బ్యాండ్లతో ఏళ్ల తరబడి బేసు వాయించినవాణ్ణి, నాలుగు ముక్కలు చెప్పనీ.

నిన్ను పిలిచింది ఫిడేలు కోసమే, నిజమే. కానీ త్వరలోనే గొంతు అడుగుతారు. గాస్పెల్ అనేసరికి నలుగురి పాటే ముందు, వాద్యాలు ఆ తర్వాత. 1946-47లో బ్లూగ్రాస్‌కి ఆద్యుడైన బిల్ మన్రో ఇలాంటి పాటలు రికార్డు చేసినప్పుడు బ్యాండు పేరే ‘బ్లూ గ్రాస్ క్వార్టెట్’ అయిపోయేది, ఫిడేలూ బాంజో తప్పుకునేవి. మూడు వేళ్ల బాంజోతో జనాన్ని వెర్రెత్తించిన ఎర్ల్ స్క్రగ్స్ అంతటివాడు ఆ బాంజో పక్కన పెట్టి బారిటోన్, అంటే అసలు వరసకి కాస్త కింది గొంతు, పాడాడు. కాబట్టి ‘ఈ పాటకి ఫిడేలు వద్దు’ అంటే మొహం ముడుచుకోకు.

నీకు దక్కేది కూడా బారిటోనే అనుకో. లీడ్, అంటే అసలు వరస, పాడేవాడు ముందే ఉంటాడు, ఆపైన టెనర్ ఎత్తేవాడూ ఉంటాడు, అన్నిటికీ అడుగున బేస్ గొంతు పాడే పెద్దాయన ఒకడు ఎక్కడైనా దొరుకుతాడు. ఎవరూ అడగనిది బారిటోన్. పైగా మనవాళ్లకి అది కష్టం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు గుడిలో అందరం ఒకే వరసలో పాడుతూ పెరిగాం. నీ కర్ణాటక వయొలిన్ పాఠమూ ఒకే వరస. పక్కవాడు పాట ఎత్తుకోగానే మన గొంతు అటే జారిపోతుంది.

సాధన ఇలా చెయ్. శంకరాభరణంలో స, గ, ప తీసుకో. లీడ్ ‘స’ మీద ఉంటే టెనర్ పైన ‘గ’, నువ్వు కింద ‘ప’. లీడ్ ‘గ’కి వెళ్తే టెనర్ ‘ప’, నువ్వు ‘స’. లీడ్ ‘ప’ ఎక్కితే టెనర్ పై ‘స’, నువ్వు ‘గ’. విడిగా పాడితే అది పాటలాగే ఉండదు, మీ అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. గమకం మాత్రం వెయ్యకు. నీ గాంధారం ఊగిందంటే మిగతా మూడు గొంతులూ అపశ్రుతిలో పడతాయి.

ఇక ఫిడేలు. స-ప-స-ప వదిలి జి-డి-ఎ-ఇ శ్రుతి చేసుకో, నిలబడి వాయించడం అలవాటు చేసుకో. మాండలిన్‌దీ అదే శ్రుతి, దారి తప్పితే ఆ వాయించేవాడి ఎడమచెయ్యి చూడు. పాలకొల్లు శ్రీనివాస్‌గారి మాండలిన్ విన్న చెవులకి ఇక్కడి మాండలిన్ వింతగా ఉంటుంది. డ్రమ్ములు లేని బ్యాండు కదా, బేసు ఒకటీ మూడూ దెబ్బలు వేస్తే, రెండూ నాలుగూ మాండలిన్ ‘చక్’మని కొట్టి తీగల మోత అక్కడే ఆపేస్తుంది. నువ్వు పాటలో మాటలు నడుస్తున్నంతసేపూ ఊరుకుని, పంక్తి చివర కాస్త బౌ (కమాను) తగిలించు చాలు. పాడేవాడు తన గొంతుకి ‘బి’ శ్రుతి బాగుందంటాడు. గిటారూ బాంజో నాలుగో మెట్టు మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించుకుని ‘జి’ శ్రుతి వేళ్లతోనే హాయిగా వాయించేస్తాయి. నీకు ఆ సుఖం లేదు, ‘బి’ స్కేలు వేళ్లకి ఎక్కించుకో.

ఒకే మైకు చుట్టూ నిలబడితే బౌ కొన సరిగ్గా పక్కవాడి కంటి ఎత్తున ఉంటుంది. పాడేటప్పుడు ఫిడేలు చంకలో, బౌ నేలవైపు.

చాలా చోట్ల కచ్చితమైన ఫీజు ఉండదు, లవ్ ఆఫరింగ్ పడతారు, అంటే వచ్చినవాళ్లు ఇష్టంకొద్దీ వేసే కానుక. అది పెట్రోలుకీ చాలని రోజులుంటాయి. వాటాలెలాగో మొదటి రిహార్సల్‌కే అడుగు, ఎవరూ తప్పుపట్టరు. ఆరాధన తర్వాత భోజనం పెడితే మాత్రం తినకుండా రావద్దు. ఏ చర్చి మీదని కూడా అడుగుతారు. పెన్సిల్వేనియా నుంచి లూథరన్ మిషనరీ పాస్టర్ హయ్యర్ గుంటూరు వచ్చింది 1842లోనని చెప్పు, ఆ టేబుల్ దగ్గర గంట గడిచిపోతుంది.

ఈ వారం డోయల్ లాసన్ బ్యాండు క్విక్‌సిల్వర్ గాస్పెల్ పాటలు పెట్టుకుని, లీడ్ వదిలేసి దాని కింది బారిటోన్ ఒక్కటే వెతుక్కో. దొరక్కపోతే శనివారం ఫోన్ చెయ్, లీడ్ నేను పాడతాను, నువ్వు బారిటోన్ పట్టు.

పెదనాన్న,
జాన్సన్ సిటీ