వైజాగ్‌లో ఉంటూ కొండల్లో 50 కిలోమీటర్ల రన్‌కి తయారవ్వొచ్చా?

హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు) చేశాను, వచ్చే ఏడాది కొండల్లో 50 కిలోమీటర్లు పరిగెత్తాలని ఉంది, బీచ్ రోడ్డులో దూరం పెంచుకుంటూ పోతే సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలదండి. పొద్దున్నే భీమిలి వైపు పరిగెత్తడం నాకూ ఇష్టమే, కానీ దానివల్ల కాళ్లకి కొండ అలవాటు కాదు.

అలాంటి రేసుల్లో మొత్తం 2000 మీటర్ల ఎత్తు ఎక్కాల్సి రావడం మామూలే. మన కైలాసగిరి సుమారు 170 మీటర్లు. అంటే ఒకే రోజు దాన్ని డజను సార్లు ఎక్కి దిగినట్టు! ఈ లెక్క వేసుకున్నాక నేను వారానికి ఎన్ని కిలోమీటర్లు అని చూడటం మానేసి, ఎన్ని మీటర్లు ఎక్కాను అని రాసుకోవడం మొదలుపెట్టాను.

ఎక్కేటప్పుడు నడవండి. సిగ్గేం లేదు, నిట్టనిలువు చోట పెద్ద పెద్ద రన్నర్లూ నడుస్తారు. అసలు పరీక్ష దిగేటప్పుడే. తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బరువు ఆపాలి, అందుకే రెండో రోజుకి కుర్చీలోంచి లేవలేం. మంచి విషయమేంటంటే, కొంచెం కొంచెంగా దిగడం అలవాటు చేస్తే తర్వాతిసారి నొప్పి బాగా తగ్గుతుంది. చిన్న అడుగులు, త్వరత్వరగా. బూటు ముందు బొటనవేలికి జాగా ఉండాలి, లేకపోతే గోరు నల్లబడి ఊడిపోతుంది. రేసుకి రెండు మూడు వారాల ముందే గట్టి దిగుడు ప్రాక్టీసు ఆపేయండి.

సింహాచలం మెట్లు బాగుంటాయి, కాకపోతే అక్కడ మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే భక్తులుంటారు. వాళ్ల మధ్యలోంచి బూట్లతో దూసుకుపోవడం నాకు నచ్చదు. నడిచి ఎక్కండి, దిగుడు కైలాసగిరిలో చూసుకోండి. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి మాత్రం తప్పకుండా వెళ్లండి. 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక. అరవై దాటిన మామ్మలు చెప్పుల్లేకుండా మన పక్కనుంచి ముందుకెళ్లిపోతుంటే పేస్ (పరుగు వేగం) గురించి టెన్షన్ దానంతటదే పోతుంది! గంటలకొద్దీ కాళ్ల మీద ఉండటం ఎలాగో అక్కడ తెలుస్తుంది.

ఇక మన ఉక్కపోత. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహమని ఉత్త నీళ్లు లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. ఓఆర్‌ఎస్ కలుపుకోండి. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి. ఒక అరటిపండుకి 25 గ్రాములు వస్తుంది. నేను ఖర్జూరం, ఉప్పేసి ఉడికించిన బంగాళదుంప తీసుకెళ్తాను. పల్లీ చిక్కీ వద్దు, నోరు ఎండినప్పుడు మింగుడు పడదు. ఏది తిన్నా ముందు ప్రాక్టీసులో తిని చూడండి, రేసు రోజు కొత్తవి వద్దు.

మట్టిదారి అలవాటుకి కంబాలకొండ ఉంది. అటవీ శాఖ టికెట్ తీసుకుని, వాళ్లు అనుమతించిన దారిలోనే, ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్లండి. చిరుతలు తిరిగే అడవి అది. నెలకోసారి వీలైతే అనంతగిరి, అరకు వైపు పోండి, కాఫీ తోటల మధ్య మట్టిదారులు మంచి ప్రాక్టీసు. శీతాకాలం శని, ఆదివారాల్లో మాత్రం వద్దు, ఘాట్ రోడ్డంతా టూరిస్టు కార్లే. ఫోన్‌లో సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఏ దారిన వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.